మేకమేయని ఆకు: ఉబ్బసమునకు, విరేచనములకు ఒకే మందా?

దక్కను పీఠభూమిలో కంచెలమీదను, గుట్టల అంచున పొదలమీదను అల్లుకొని పెరుగు సన్నని తీగ యొకటి కలదు. దాని ఆకులు ఎదురెదురుగా జంటలుగా పుట్టును. రెండు మూడు అంగుళముల పొడవు, కొంచెము దళసరి, కొన మొనదేరి యుండును. పూవులు చిన్నవి, ఆకుపచ్చ కలసిన పసుపువన్నె, లోపల ఊదాచాయ. కాయలు జంటగా కాసి, ఎండి పగిలినపుడు జిల్లేడుకాయలనుండి వలెనే పట్టుకుచ్చు కట్టిన గింజలు గాలికి ఎగిరిపోవును. నేలలోనికి కండగల పొడుగాటి వేళ్ళు గుత్తిగా దిగును. తెలుగువారు దీనిని వెర్రిపాల యనియు, కుక్కపాల యనియు, కాకపాల యనియు పిలుతురు. వీటన్నిటికంటె చక్కని పేరు మరొకటి యున్నది: మేకమేయని ఆకు. ముళ్ళకంపను సైతము విడువని మేక దీనిని మాత్రము మూతిపెట్టి చూచి వదలివేయునని దాని భావము.

మేక వదలివేసిన ఆకును మనుష్యుడు రెండువిధముల వాడుకొనెను. దీనిని తగినంత నమలి మ్రింగినవానికి డోకు వచ్చును. ఆ గుణమును బట్టియే ఈ తీగ ఒకవంక ఉబ్బసమునకును, మరొకవంక జిగటవిరేచనములకును మందయినది. ఊపిరితిత్తు లెక్కడ, ప్రేగు లెక్కడ? ఒకే ఆకు రెండుచోట్ల ఎట్లు పనిచేయును? అసలు పనిచేయునా? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటలో సుమారు రెండువందల యేండ్లు గడచినవి. ఒక ప్రశ్నకు స్పష్టమైన జవాబు దొరకినది. రెండవదానికి దొరకిన జవాబు అంత స్పష్టమైనది కాదు.

దండులోని వ్యాధి

పదునెనిమిదవ శతాబ్దపు సైనికుడు శత్రువుల గుండ్లకంటె జిగటవిరేచనములకే ఎక్కువ భయపడవలసి వచ్చెడిది. వేలమంది ఒకచోట డేరాలు వేసికొని, ఒకే చెరువునీరు త్రాగుచు, ఆ చెరువు గట్టుననే మలవిసర్జనము చేయుచుండగా, వ్యాధి దండంతయు ప్రాకుటకు వారము దినములు చాలును. ఆనాటి ఐరోపా వైద్యుల చేతిలో దీనికి ముఖ్యమైన ఔషధము ఇపెకాక్ అను వేరు. అది బ్రెజిలు దేశపు అడవులలో పెరుగును. ఓడలమీద ఐరోపాకు వచ్చి, అక్కడినుండి మరల ఓడలమీద మద్రాసుకు చేరవలెను. యుద్ధకాలమున ఓడ ఆలస్యమైనచో ఆసుపత్రిలో వేరు ఉండదు.

అటువంటి ఒక సందర్భమున జరిగిన ముచ్చటను విలియం రాక్స్‌బరో తన వృక్షశాస్త్ర గ్రంథమున వ్రాసి యుంచెను. రాక్స్‌బరో స్కాట్లండు దేశీయుడు. 1776లో మద్రాసు వైద్యశాఖలో చేరి, 1781 మొదలు గోదావరి మండలమున సామర్లకోటలో పనిచేసినవాడు. తెలుగుదేశపు మొక్కలను ఆయనవలె శ్రద్ధగా చూచినవారు ఆ కాలమున అరుదు. మద్రాసులో వైద్యాధిపతిగా నుండిన జేమ్స్ ఆండర్సన్ ఒకప్పుడు దండులో జిగటవిరేచనములు ప్రబలినపుడు ఇపెకాక్ అంతయు అయిపోగా, నాటువైద్యులు ఈ తీగ వేరుతో తనకంటె ఎక్కువమందిని బాగుచేయుచుండుటను గమనించి, సిగ్గుపడక వారి పద్ధతినే అవలంబించెనట. ఈ సంగతి ఆండర్సన్ పాట్రిక్ రస్సెల్‌కు చెప్పగా, రస్సెల్‌ద్వారా రాక్స్‌బరో గ్రంథమున కెక్కినది. రస్సెల్ విశాఖపట్టణమున కొంతకాలము నివసించి, కంపెనీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా మన పాములను గూర్చి పెద్దగ్రంథము వ్రాసినవాడు. హైదరాలీతో 1780లో ఆరంభమైన యుద్ధమున చెరపట్టబడిన తెల్లసైనికులకు గూడ ఈ వేరే అక్కరకు వచ్చెనని రాక్స్‌బరో చెప్పెను. పెద్దమోతాదున వాంతి చేయించుననియు, చిన్నమోతాదున పలుమార్లు ఇచ్చినచో విరేచనకారిగా పనిచేయుననియు ఆయన అనుభవము. ఆండర్సనుకు పాఠము చెప్పిన ఆ నాటువైద్యుల పేర్లు మాత్రము ఎవరును వ్రాసియుంచలేదు.

1798లో నిజాముకును ఈస్టిండియా కంపెనీకిని జరిగిన సంధినిబట్టి కంపెనీసేన హుస్సేన్ సాగరు ఆవలివైపున దిగినది. ఆ దండు చుట్టును వెలసిన పట్టణమునకు 1806లో సికందర్ జా పేరున సికింద్రాబాద్ అను నామము కలిగెను. అక్కడి సేనలు మద్రాసు సైన్యమునకు చెందినవి గనుక వారి వైద్యులును, మందులపెట్టెలును మద్రాసునుండియే వచ్చెడివి. వానితోబాటు దండురోగమును వచ్చెను. హిందూదేశమందలి సైనికుల ఆరోగ్యమును విచారించుటకు 1859లో ఏర్పడిన రాజకీయ సంఘము 1863లో తన నివేదికను ప్రకటించినపుడు, ఇరుకైన బారకాలు, మురుగుపారుదల లేకుండుట, అశుభ్రమైన నీరు అనునవి అన్ని దండులకును ఉమ్మడి దోషములుగా తేలినవి. దేశమునలుమూలల దండులనుండి వచ్చిన జవాబులను ఫ్లారెన్స్ నైటింగేల్ పరిశీలించి ఘాటైన వ్యాఖ్య వ్రాసెను. ఆమె ఎన్నడును హిందూదేశమునకు రాలేదు. కాగితములు చదివియే రోగకారణము నీటిలోను, మురుగులోను ఉన్నదని పట్టుకొన్నది. తరువాత తిరుమలగిరివద్ద క్రొత్త బారకాలు లేచినవి. కాని మందు అవసరము తీరలేదు.

1868లో ఎడ్వర్డ్ జాన్ వారింగ్ సంపాదకత్వమున వెలువడిన హిందూదేశపు ఔషధకోశమున మేకమేయని ఆకు అధికారముద్ర పొందినది. ఈసారి వేరునకు బదులు ఎండించిన ఆకుపొడిని స్వీకరించిరి, ఏలనన ఆకు గుణము వేరుగుణముకంటె నిలుకడగా నుండునని తేలెను. వాంతికై 25 నుండి 30 గ్రెయినులు, అనగా ఇప్పటి లెక్కలో ఇంచుమించు 1.6 నుండి 2 గ్రాములు. కఫమును కరిగించుటకు 3 నుండి 5 గ్రెయినులు, అనగా 200 నుండి 325 మిల్లీగ్రాములు. మరుసటి యేట మద్రాసు వైద్యుడు మొహిదీన్ షెరీఫ్ ఆ కోశమునకు అనుబంధము ప్రకటించి, ఒక్కొక్క మందునకు దేశభాషలలో గల పేర్లను జాగ్రత్తగా చేర్చెను. ఇది చిన్నపని కాదు. ఒక ఊరిలో కుక్కపాల యన్నది పొరుగూరిలో వేరొక మొక్క కావచ్చును, బజారులో పేరు చెప్పి కొన్నవానికి ఏది దొరకునో ఎవరు చెప్పగలరు?

వాంతికిని, కఫమునకును గల చుట్టరికము

ఔషధకోశములోని రెండు మోతాదులలోనే ఉబ్బసపు రహస్యము కొంత దాగియున్నది. వాంతి పుట్టించు పదార్థము కడుపులోని లోపలిపొరను రేపును. ఆ వార్త వేగస్ అను నాడిద్వారా మెదడు క్రిందిభాగమునకు చేరును. రేపు బలముగా నున్నచో వాంతి అగును. బలహీనముగా నున్నచో వాంతి కాదు. దానికి ముందువచ్చు లక్షణములు మాత్రము కనబడును. నోట నీరూరును, చెమట పట్టును, శ్వాసనాళములలోని గ్రంథులు పలుచని ద్రవమును స్రవించును. డోకు వచ్చుటకు ముందు నోరంతయు నీళ్ళగుట అందరికిని అనుభవమే. అదే సమయమున ఛాతీలోపల గూడ నీరూరుచున్నదని సాధారణముగా ఎవరును తలపోయరు. బంకవలె నాళములకు పట్టిన కఫము దీనిచే పలుచబడి, దగ్గినపుడు సులభముగా వెలువడును. పూర్వపు దగ్గుమందులలో ఇపెకాక్‌ను కొద్దిగా కలుపుటకు కారణ మిదియే.

ఉబ్బసమున కఫముతోబాటు మరొక చిక్కు కలదు. శ్వాసనాళముల గోడలలో మన స్వాధీనమున లేని నునుపుకండరము చుట్టలుగా నుండును. రోగికి సరిపడని ధూళియో, పుప్పొడియో, చలిగాలియో తగులగా ఆ కండరము బిగిసి నాళము ఇరుకగును, లోపలిపొర వాచును. ఇరుకుదారిన గాలి వెలుపలికి పోవుచు పిల్లికూతలు వినిపించును. ఇట్టి నునుపుకండరమే ప్రేగుల గోడలలోను ఉన్నది. అక్కడ అది అలలవలె ముడుచుకొనుచు ఆహారమును ముందునకు నెట్టును.

ఈ పోలిక కాకతాళీయము కాదు. గర్భమున నాల్గవ వారమున పిండముయొక్క ముందుప్రేగునుండి చిన్నమొగ్గ వెలువడి, రెండుగా చీలి, కొమ్మలు వేసి ఊపిరితిత్తులగును. అనగా ఊపిరితిత్తులు ప్రేగు కన్నబిడ్డలు. రెండింటిని ఏలునది వేగస్ నాడియే; రెండుచోట్ల అది ఎసిటైల్‌కోలిన్ అను పదార్థమును విడిచి కండరమును బిగించును, గ్రంథులను స్రవింపజేయును. కనుక ఛాతీకని మ్రింగిన మందు కడుపుదగ్గర ఆగి పలుకరించకుండ పోవుట కష్టము.

దీనికి ఉమ్మెత్త మంచి నిదర్శనము. ఉమ్మెత్తపొగ ఉబ్బసమునకు మందని మద్రాసు ఆండర్సనే, పైని చెప్పిన ఆండర్సనే, జనరల్ జెంట్ అను సేనాపతికి తెలుపగా, ఆయన 1802లో దానిని ఇంగ్లండునకు కొనిపోయెను. తరువాత నూరేండ్లకు పైగా ఐరోపాలోను, అమెరికాలోను ఉమ్మెత్తజాతి ఆకుల సిగరెట్లు ఉబ్బసరోగులకు అమ్మబడినవి. ఉమ్మెత్తలోని ఎట్రొపీన్ ఎసిటైల్‌కోలిన్ పని సాగనీయదు. శ్వాసనాళము సడలును. ప్రేగుయొక్క కదలికయు మందగించును, మలబద్ధకము కలుగును. విరేచనములను ఆపు కొన్ని మాత్రలలో ఎట్రొపీన్ కొంచెము చేర్చుదురు గాని, అది ప్రేగును మందగింపజేయుటకు కాదు, ఆ మాత్రలను ఎవరును దుర్వినియోగము చేయకుండుటకు. ఉమ్మెత్తగింజలు ఎంతటి విషమో తెలుగుదేశమున చెప్పనక్కరలేదు.

దీనికి సరిగా ఎదురుదారిలో పోవునది థియోఫిలిన్. దీనిని 1888లో ఆల్బ్రెక్ట్ కోసెల్ తేయాకునుండి వేరుచేసెను. ఇరువదవ శతాబ్దమున చాలకాలము ఉబ్బసమునకు ఇదియే ప్రధానమైన మాత్ర. జీవకణములో సైక్లిక్ ఎ.ఎం.పి. అను వార్తాహరి కలదు. థియోఫిలిన్ ఆ వార్తాహరిని విరిచివేయు ఎంజైమును అడ్డగించును. వార్తాహరి మోతాదు పెరిగిన కొలది శ్వాసనాళపు కండరము సడలును, రోగికి ఊపిరి ఆడును. కాని అదే వార్తాహరి ప్రేగు లోపలిపొరలో పెరిగినపుడు ఆ పొర ఉప్పును, నీటిని పీల్చుకొనుట మాని, తానే లోపలికి వదలును. 1959లో కలకత్తాలో శంభునాథ్ దే కలరాక్రిములు ఒక విషమును విడుచునని చూపెను. ఆ విషము ప్రేగులో చేయు పని ఇదియే, సైక్లిక్ ఎ.ఎం.పి.ని అమితముగా పెంచుట. 1968లో అమెరికాలో మైకేల్ ఫీల్డ్, ఆయన సహచరులు కుందేటి ప్రేగుముక్కకు థియోఫిలిన్ తగిలించి చూడగా, సైక్లిక్ ఎ.ఎం.పి. తగిలించినపుడు వచ్చిన మార్పులే వచ్చినవి. ఉబ్బసపు మాత్రకును, కలరాకును ఇటువంటి బంధుత్వ ముండునని ఎవరూహించిరి? థియోఫిలిన్ రక్తమున మితిమీరినపుడు వాంతులు, విరేచనములు, గుండెదడ, ఇంకను ఎక్కువైన మూర్ఛ వచ్చును. మేలుచేయు మోతాదునకును, కీడుచేయు మోతాదునకును నడుమ ఎడము చాల తక్కువ. ఈ కారణముననే దీని వాడుక నేడు బాగుగా తగ్గిపోయినది.

ఆకులోని పదార్థములు

మేకమేయని ఆకు ఈ రెండింటిలో ఏ కోవకును చేరదు. దానిని తెలిసికొనుటకు మొదట ఇపెకాక్ సంగతి తేలవలసివచ్చెను. 1817లో పెల్లెటియర్, మజెండీ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఇపెకాక్ నుండి ఎమిటిన్ అను క్షారపదార్థమును తీసిరి. 1875లో రష్యాలో లోష్ ఒక రోగి మలమున అమీబాలను చూచెను. 1897లో జపానులో షిగా మరొక రకపు జిగటవిరేచనములకు బాక్టీరియా కారణమని కనుగొనెను. ఒకే పేరున వ్యవహరింపబడిన వ్యాధి నిజమునకు రెండు వ్యాధులని అప్పుడు తెలిసినది. 1911లో మనిలాలో వెడ్డర్ ఎమిటిన్ అమీబాలను చంపునని చూపగా, 1912లో కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ దానిని సూదిమందుగా ఇచ్చి అమీబావ్యాధిని నయముచేసెను. బాక్టీరియావలన వచ్చిన విరేచనములకు అది పనికిరాదు. పూర్వపు వైద్యులలో ఒకరు ఇపెకాక్‌ను ఆకాశమున కెత్తగా మరొకరు వ్యర్థమనుటకు కారణ మిక్కడ దొరకుచున్నది. వారిరువురి రోగులకు పట్టిన వ్యాధి ఒకటి కాదు.

మేకమేయని ఆకు రసాయనశోధన మద్రాసులో జరిగినది. 1935లో రత్నగిరీశ్వరన్, వెంకటాచలం అనువారు దీనినుండి టైలోఫొరీన్, టైలోఫొరినీన్ అను రెండు క్షారపదార్థములను వేరుచేసిరి. టైలోఫొరీన్ అణువులో 24 కర్బనపు పరమాణువులు, 27 ఉదజని, ఒక నత్రజని, నాలుగు ఆమ్లజని పరమాణువులు గలవు. అవి ఒకదానితో నొకటి ఎట్లు అల్లుకొన్నవో తేల్చుటకు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో టి. ఆర్. గోవిందాచారి, ఆయన శిష్యులు 1950 తరువాత కొన్నేండ్లు శ్రమించిరి. చూచుటకు ఈ అణువునకును, ఎమిటిన్ అణువునకును పోలిక అంతగా కనబడదు.

కాని పోలిక పనిలో ఉన్నది. జీవకణములో మాంసకృత్తులను నేయు మగ్గముల వంటి రైబోసోములు కలవు. ఎమిటిన్ ఆ మగ్గమును ఆపివేయును. మగ్గమాగిన అమీబా చచ్చును. 1977లో టొరంటోలో గుప్త, సిమినోవిచ్ అనువారు ఎమిటిన్‌కు లొంగని కణములను ప్రయోగశాలలో పెంచి, వానిపై టైలోక్రెబ్రిన్ అను పదార్థమును ప్రయోగించిరి. ఇది టైలోఫొరీన్‌కు తోబుట్టువు. ఆ జాతిదే అయిన మరొక తీగలో దొరకునది. ఎమిటిన్‌కు లొంగని కణములు దీనికిని లొంగలేదు. రెండుమందులును రైబోసోముపై ఒకే తావున తగులుచున్నవని దీనివలన నిశ్చయమైనది. దండులో ఇపెకాక్ అయిపోయినపుడు ఈ తీగ దాని స్థానమున నిలువగలుగుటకు కేవలము వాంతిగుణమే కారణము కాదు. ఈ వరుస పదార్థములు కణముయొక్క ఒకే కీలును పట్టుకొనుచున్నవి. నాటువైద్యుల పరిశీలనకు కలిగిన ఆధారము ఇంతకంటె గట్టిది కోరనక్కరలేదు.

అయితే మనుష్యుని కణములలోను రైబోసోములే ఉన్నవి. ఎమిటిన్ శరీరమున నిలిచిపోయి గుండెకండరమును దెబ్బతీయును. 1966లో మెట్రొనిడజోల్ అమీబావ్యాధికి పనికివచ్చునని తేలినపిదప ఎమిటిన్ క్రమముగా వెనుకబడినది. టైలోక్రెబ్రిన్‌ను పుట్టకురుపు వ్యాధికి మందుగా వాడిచూడ మొదలుపెట్టి, నాడీమండలమునకు హానిచేయుటచే 1960లలోనే మానివేసిరి.

మారుఆకు పరీక్ష

విరేచనముల ప్రశ్న ఇట్లు తేలినది. ఉబ్బసపు ప్రశ్న మిగిలియుండెను. ఈ తీగకు ఉబ్బసముతో సంబంధము క్రొత్తది కాదు. పదునెనిమిదవ శతాబ్దపు చివరనే దీనికి ఆస్క్లిపియాస్ ఆస్మాటికా అని, తరువాత టైలోఫొరా ఆస్మాటికా అని శాస్త్రనామములు వచ్చినవి. వ్యాధిపేరే మొక్కపేరయినది. పేరు రుజువు కాదు.

ఢిల్లీలో వల్లభాయి పటేలు ఛాతీవ్యాధుల సంస్థయందు డి. ఎన్. శివపురి, ఆయన సహచరులు ఈ ఆకును సక్రమముగా పరీక్షింప పూనుకొనిరి. 1969లో ప్రకటించిన పరీక్షలో 110 మంది ఉబ్బసరోగులు పాల్గొనిరి. పరగడుపున దినమునకు ఒక ఆకు నమలి మ్రింగవలెను. ఆరు దినములు మాత్రమే. కొందరికి ఈ ఆకు, కొందరికి మందుగుణము లేని మారుఆకు. ఎవరికేది ఇచ్చినది రోగికి గాని, ఫలితమును కొలుచు వైద్యునికి గాని తెలియకుండ ఏర్పాటు చేసిరి. వారము ముగియునప్పటికి నిజమైన ఆకు తిన్నవారిలో నూటికి 62 మందికి చెప్పుకోదగిన ఉపశమనము కలిగెను. మారుఆకు తిన్నవారిలో నూటికి 28 మందికి కలిగెను.

ఈ 28 అను సంఖ్యను ఒకసారి నిలిచి చూడవలెను. మందే లేని ఆకుతో నూటికి ఇరువదియెనిమిది మంది తేరుకొనిరి! ఉబ్బసము తనంతట తాను హెచ్చుచు తగ్గుచు నుండు వ్యాధి. బాధ మిక్కుటమైనపుడే రోగి మందుకొరకు పోవును; ఆ తరువాత ఎట్లును కొంత తగ్గును. తగ్గినపుడు చేతిలో ఏ మందున్నదో దానికే ఘనత దక్కును. మారుఆకు లేకుండ పరీక్షించినచో ఈ 28 మందియు మేకమేయని ఆకు లెక్కలోనే పడెడివారు.

1972లో అదే బృందము ఆకునుండి సారాయితో తీసిన సారమును 195 మందికి ఇచ్చి మరల అనుకూలమైన ఫలితమునే పొందెను. 1975లో ఆంధ్రప్రదేశ్ ఔషధశాస్త్రజ్ఞుడు పి. ఎస్. ఆర్. కె. హరనాథ్, శ్యామలాకుమారితో కలసి, ఈ ఆకు ఉబ్బసమున ఎట్లు పనిచేయవచ్చునో జంతువులపై ప్రయోగములు చేసి ప్రకటించెను. టైలోఫొరీన్ వాపును, సరిపడనితనపు చర్యలను అణచుననుటకు జంతువులలో మరికొన్ని ఆధారములు తరువాత దొరకినవి. ఇంతవరకు అంతయు ఆశాజనకముగనే యున్నది. కాని 1979లో వేరొక బృందము 135 మందిపై ఇట్టి గుప్తపరీక్షయే జరుపగా, నిజమైన మందునకును మారుమందునకును చెప్పుకోదగిన భేదము కనబడలేదు.

రెండు మంచి పరీక్షలు రెండుమాటలు చెప్పినపుడు ఏమి చేయవలెను? మొదటి పరీక్షలో ఒక లోపమునకు అవకాశ మున్నది. ఈ ఆకు నమలినవారిలో అనేకులకు నోరు పుండయినట్లుండుట, ఉప్పురుచి తెలియకపోవుట, వికారము, వాంతి కలుగును. ఇవి మారుఆకు తిన్నవారికి అంతగా కలుగవు. తాను తిన్నది అసలైన ఆకని నాలుకయే రోగికి చాటుచున్నపుడు గుప్తత ఎక్కడ నిలుచును? మందు దొరకినదను నమ్మకము ఉబ్బసరోగికి కొంత ఊరట నిచ్చునన్నది 28 మంది ద్వారా తెలిసియే యున్నది. సారమును గొట్టములో నింపి ఇచ్చిన పరీక్షలలో నాలుక సాక్ష్యము తగ్గును, వికారము మాత్రము మిగులును. ఇంతమాత్రముచే ఆకు వ్యర్థమని తేలదు, సిద్ధించినదనియు తేలదు. ఈ చిక్కును విప్పుటకు తగినంత పెద్ద పరీక్ష ఆ తరువాత జరుగలేదు. అప్పటికే ఉబ్బసచికిత్స మరొకదారి పట్టినది.

ఆ దారి పీల్చు మందులది. 1969లో సాల్బుటమాల్ వాడుకలోనికి వచ్చెను. మాత్రగా మ్రింగినచో 2 నుండి 4 మిల్లీగ్రాములు కావలెను. గొట్టముతో పీల్చినచో ఒక్కొక్క ఊదునకు నూరు మైక్రోగ్రాములు, అనగా నాలుగు మిల్లీగ్రాములలో నలువదవవంతు. మందు నేరుగా శ్వాసనాళమునకే పోవుచున్నది గనుక మిగిలిన శరీరమును అంతగా కదిలింపదు. ఎట్రొపీన్‌ను మార్చి చేసిన ఇప్రట్రోపియమ్ ఇంకను తమాషా అయినది. పీల్చినపుడు చాలభాగము గొంతున పడి కడుపులోనికి పోవును. అయినను ప్రేగుగోడను దాటి రక్తమున చేరజాలదు. వాపును అణచు స్టిరాయిడులను గూడ నేడు పీల్చుటద్వారానే ఇచ్చుచున్నారు. నిలుకడైన ఉబ్బసమునకు ఇప్పుడు పునాది చికిత్స అదియే. మ్రింగు మందులలో ప్రేగుతో పేచీ పూర్తిగా తీరలేదు. 1998లో అమెరికాలో అనుమతి పొందిన మాంటెలుకాస్ట్ మాత్రకు సామాన్యముగా కలుగు దుష్ఫలితములలో విరేచనములు నేటికిని పేర్కొనబడుచున్నవి.

సికింద్రాబాద్ స్టేషనులో జూన్ నెలలో, మృగశిర కార్తె ప్రవేశించునప్పుడు, దేశమునలుమూలలనుండి ఆయాసపడుచు దిగు ఉబ్బసరోగులను చూడవచ్చును. వారు నాంపల్లి ప్రదర్శనశాల మైదానమున బత్తిని కుటుంబమువారు కొరమీనుపిల్ల నోట పెట్టి మ్రింగించు మందుకొరకు వచ్చెదరు. ఆ మందు కూర్పు కుటుంబ రహస్యము. మేకమేయని ఆకునకు కలిగిన భాగ్యము దానికి కలుగలేదు: దానిలో ఏమున్నదో తెలియనిదే మోతాదు కట్టుటకును, మారుమందుతో పోల్చుటకును వీలులేదు. వచ్చినవారు తాము వాడుచున్న పీల్చుమందును ఆపివేసినచో ప్రమాదము వారిదే.

మేకమేయని ఆకును పెరటివైద్యముగా విరేచనములకు వాడుటలో నున్న ప్రమాదము వేరువిధమైనది. విరేచనములలో, ముఖ్యముగా పిల్లలలో, ప్రాణము తీయునది శరీరమునుండి నీరును, ఉప్పును పోవుట. వాంతి పుట్టించు ఆకు ఆ నష్టమును రెట్టింపు చేయును. సైక్లిక్ ఎ.ఎం.పి. పెరిగి ప్రేగు ఉప్పును పీల్చుకొనుట మానినపుడు గూడ, గ్లూకోజుతో జతకూడి ఉప్పు లోనికిపోవు దారి మూతపడదు. ఉప్పు–గ్లూకోజు ద్రావణము పనిచేయునది ఆ దారినే. 2002 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించుచున్న కూర్పులో ఒక లీటరు శుభ్రమైన నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాసియమ్ క్లోరైడు 1.5 గ్రాములు, సోడియమ్ సిట్రేటు 2.9 గ్రాములు ఉండును. రక్తము, జిగట పడుచున్నచో అమీబాయో, బాక్టీరియాయో వైద్యుడు తేల్చి తగిన మందు ఇయ్యవలెను.

తీగవిషయమున ఇంకొక సంగతి. దాని ఆకులోని క్షారపదార్థముల పాళ్ళు నేలనుబట్టియు, ఋతువునుబట్టియు, ఆకు ముదురునుబట్టియు మారుచుండును. కనుక ఒక ఆకు ఒక మోతాదని చెప్పుటకు వీలుకాదు. దాని పేరు గూడ నిలుకడగా లేదు. ఆస్మాటికా పోయి టైలోఫొరా ఇండికా అయినది. ఇటీవల వృక్షశాస్త్రజ్ఞులు దానిని విన్సిటాక్సికమ్ అను జాతిలో చేర్చి విన్సిటాక్సికమ్ ఇండికమ్ అనుచున్నారు. ఉబ్బసమను మాట ఇప్పుడు దాని శాస్త్రనామమున లేదు.